షో అండ్ టెల్‌కి ఏ అక్షరానికి ఏ వస్తువు? పోల్చి ఎంచుకునే పద్ధతి

"ఈ వారం అక్షరం బీ. బీతో మొదలయ్యే వస్తువు ఒకటి పంపండి" అని షో అండ్ టెల్ కోసం, అంటే పిల్లలు ఒక వస్తువుని తరగతిలో చూపించి దాని గురించి చెప్పడానికి, బడి నుంచి చీటీ వస్తుంది. పెద్దవాళ్ళం దాన్ని స్పెల్లింగు పనిగా చూస్తాం. బాల్, బ్యాట్, బుక్... ఏదో ఒకటి సంచిలో పడేస్తే సరి అనుకుంటాం. నాలుగైదేళ్ళ పిల్లలకి స్పెల్లింగు ఇంకా రాదు కదా. వాళ్ళకి ఆధారం చెవికి వినబడే శబ్దం, చేతిలో ఉన్న వస్తువు, అంతే. అందుకే రెండు వస్తువుల మధ్య ఎటూ తేలనప్పుడు నేను చూసేవి రెండు: పేరులో మొదటి శబ్దం పిల్లల చెవికి తేటగా వినబడుతుందా, ఆ వస్తువు గురించి వాళ్ళు సొంతంగా నాలుగు మాటలు చెప్పగలరా. ఈ రెండూ ఉన్న పాత సబ్బుపెట్టె, ఇవి లేని కొత్త బొమ్మ కన్నా మేలు.

ముందు పేరు అడగండి

వస్తువు చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా "ఇదేంటి?" అని అడగండి. నోటికి మొదట వచ్చిన మాటే ఆ వస్తువు పేరు. తరగతిలో నిలబడ్డప్పుడు కంగారులో వచ్చేదీ అదే. పీ కోసం ప్లేటు పెడదామని మీరు అనుకుంటే, పాప "కంచం" అంటే ఆ ప్లేటు పనికిరాదు. అదే తెలుగు తరగతిలో 'క' వారం అయితే బ్రహ్మాండం. మీరు ఎరేజర్ అనుకున్నదాన్ని బాబు రబ్బరు అంటే అది ఈకి కాదు, ఆర్‌కి పనికొస్తుంది. చేతి గడియారాన్ని వాచ్ అంటే డబ్ల్యూకి సరిపోతుంది, రిస్ట్ వాచ్ అన్నారంటే స్పెల్లింగులో డబ్ల్యూ ఉన్నా వినబడేది 'ర'. రాత్రికి రాత్రి కొత్త పేరు నేర్పి పంపడం కన్నా, ఇప్పటికే నోట్లో నలిగిన పేరున్న వస్తువుని వెతకడం తేలిక.

ఇంగ్లీషు అక్షరమైతే

ఇంగ్లీషు అక్షరానికి పేరు వేరు, శబ్దం వేరు. బీ, డీ, పీ, టీ లాంటివాటికి శబ్దం పేరు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పిల్లలకి తొందరగా అందుతుంది. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్‌లకి శబ్దం చివర్లో ఉంటుంది. 'ఎమ్' అని వినగానే ఎగ్గు బొమ్మ తెచ్చే పిల్లలుంటారు, వాళ్ళ లెక్క తప్పేమీ కాదు. హెచ్, డబ్ల్యూ, వై మరీ మోసం చేస్తాయి. డబ్ల్యూ పేరు 'డ'తోనూ, వై పేరు 'వ'తోనూ మొదలవుతాయి, వాటి శబ్దాలకీ ఆ పేర్లకీ సంబంధం లేదు. డబ్ల్యూ అనగానే డాల్ గుర్తొస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఈ అక్షరాల వారం వస్తువు వెతికే ముందు శబ్దం ఒకటికి రెండుసార్లు పలికించండి. వైకి యోయో, డబ్ల్యూకి వాచ్ బాగుంటాయి, ఎందుకంటే రెండింటికీ చేసి చూపించే పని ఉంది.

ఒకే అక్షరానికి రెండు వస్తువులు దొరికితే, హల్లు పక్కనే అచ్చు ఉన్న పేరు తీసుకోండి. ఎస్‌కి స్పూన్, స్టార్ కన్నా సాక్స్, సోప్ మంచివి. స్పూన్‌లో 'స'ని 'ప' నుంచి విడదీసి వినడం చిన్న చెవులకి కష్టం. పైగా చాలామంది పిల్లలు 'ఇస్పూన్' అంటారు, అప్పుడు మొదటి శబ్దమే మారిపోతుంది. షర్టు, షూ స్పెల్లింగులో ఎస్‌తోనే మొదలవుతాయి గానీ వినబడేది 'ష'. చెయిర్ సీకీ, థంబ్ టీకీ ఇలాగే అడ్డు తగులుతాయి. ఫోటో ఎఫ్ కాదు, పీ. జిరాఫ్ జీ అయినా 'జ'లా పలుకుతుంది, కాబట్టి జీకి గిటారు బొమ్మో గోట్ బొమ్మో నయం. నైఫ్ కేతో మొదలవుతుందని ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. ఆ శబ్దం వినబడదన్నది అలా ఉంచి, చాకుని బడికి ఎవరు పంపిస్తారు!

సీ, కే విషయంలో చెవి ఏ సాయమూ చెయ్యదు, రెండూ 'క'లే. కప్పు, క్యాప్, కారు సీవి. కీ, కైట్, కెటిల్ కేవి. ఈ తేడా పెద్దవాళ్ళే చూసుకోవాలి, పిల్లల్ని పరీక్షించకూడదు.

తెలుగు ఇళ్ళలోని పిల్లలకి మరికొన్ని చిక్కులున్నాయి. వ్యాన్, వాచ్ రెండూ మనం 'వ'తోనే పలుకుతాం. వీకి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే పిల్లలకి అదో ఆట. జిప్పు, జగ్గు కూడా అంతే. మన నోట రెండూ 'జ' కాబట్టి జెడ్‌కి ఏం తీసుకెళ్ళినా జే లాగే వినబడుతుంది. జెడ్‌కి నేను జీబ్రా బొమ్మ కన్నా పెద్ద జిప్పున్న సంచిని ఎంచుకుంటాను. జిప్పు లాగినప్పుడు వచ్చే 'జ్‌జ్‌జ్' చప్పుడే ఆ అక్షరం శబ్దం. వస్తువే పాఠం చెప్పేస్తుంది.

అచ్చులు అన్నిటికన్నా చికాకు. అంబ్రెల్లా మన చెవికి 'అ'తో మొదలవుతుంది, ఆరెంజ్, ఆక్టోపస్ 'ఆ'తో. యూకీ ఓకీ అవి ఎందుకొచ్చాయో పిల్లలకి ఎలా తెలుస్తుంది? ఇంట్లో 'యాపిల్' అనే అలవాటుంటే ఏకి తీసుకెళ్ళిన పండు 'య'తో మొదలవుతుంది. ఇక్కడ ఒకే పని చెయ్యాలి: టీచరు అక్షరాల పేర్లు నేర్పుతున్నారా, పొట్టి శబ్దాలు నేర్పుతున్నారా కనుక్కోండి. పేర్లే అయితే యూకి యూనిఫామ్, ఐకి ఐస్‌క్రీమ్ బొమ్మ, ఏకి ఏప్రన్ హాయిగా సరిపోతాయి, వాటిలో అక్షరం పేరే మొదట వినబడుతుంది. శబ్దాలైతే అంబ్రెల్లా, ఇన్‌సెక్ట్ బొమ్మ, 'య' లేకుండా పలకగలిగితే యాంట్ బొమ్మ. శబ్దాలు నేర్పే చోట ఈకి మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు, ఎన్వలప్. తేలిగ్గా ఉంటుంది, పగలదు, లోపల పిల్లలే గీసిన బొమ్మ పెట్టుకోవచ్చు, తెరిచి చూపించేదాకా తరగతంతా ఎదురుచూస్తుంది.

ఎక్స్ వారం వచ్చినప్పుడు అందరూ జైలఫోన్ కోసం పరుగెత్తుతారు. అందులో ఎక్స్ ఉన్నా వినబడేది 'జ'. చాలామంది టీచర్లు ఎక్స్‌కి చివర్లో వినబడే మాటల్ని ఒప్పుకుంటారు. అలాంటప్పుడు ఒక బాక్స్, అందులో ఒక ఫాక్స్ బొమ్మ. క్యూకి పేకముక్కల్లో క్వీన్ తీసుకోండి. అక్షరం ముక్క మూలనే అచ్చై ఉంటుంది కాబట్టి శబ్దం, రూపం రెండూ ఒకేచోట దొరుకుతాయి. పేకముక్కలు బడికి బాగుండవనిపిస్తే చదరంగంలో రాణి ఉంది.

తెలుగు అక్షరమైతే

తెలుగులో పని సగం తేలిక. 'క' అక్షరం పేరూ 'క'నే, శబ్దమూ 'క'నే. కానీ ఇక్కడ ఇంకో ఎంపిక ఎదురవుతుంది: 'క' వారానికి కుర్చీ బొమ్మ పంపొచ్చా? వినడానికి 'కు', రాస్తే కొమ్ము వస్తుంది. గుణింతాలు మొదలవని పిల్లలకి కప్పు, కలం, కంచం లాంటి తలకట్టు మాటలే ముందు. గుణింతాలు నేర్చుకుంటున్నవాళ్ళకి కుర్చీ, కీలుబొమ్మ, కోడిబొమ్మ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలా బాగుంటుంది. ఒత్తుతో మొదలయ్యే స్టూలు, క్రేయాన్ లాంటివి ఈ వయసుకి వదిలెయ్యండి.

ఇంగ్లీషుకి ఇబ్బంది పెట్టిన కొన్ని వస్తువులు తెలుగుకి చక్కగా కుదురుతాయి. 'ఫ'కి ఫొటో, 'ష'కి షర్టు. ఇక 'చ'కి చక్రం, 'ప'కి పలక, 'బ'కి బంతి, 'స'కి సబ్బు, 'ద'కి దండ, 'గ'కి గంట. గంట మోగుతుంది కాబట్టి గవ్వ కన్నా పిల్లలు గంటనే ఇష్టపడతారు, టీచరు గవ్వనే ఇష్టపడతారు. 'జ'కి ఏమీ దొరక్కపోతే, జడ ఉన్న పాపకి వేరే వస్తువు అవసరమే లేదు.

అచ్చుల్లో నా ఓటు ఎప్పుడూ 'ఆ'కి ఆకు. ఆవు బొమ్మ కన్నా ఎందుకు మేలంటే, ఆవు బొమ్మ చేతిలో ఉన్న పిల్లలు "ఇది ఆవు, పాలిస్తుంది" దగ్గర ఆగిపోతారు. ఆ మాట కూడా ఎవరో చెప్పిందే. ఆకు మాత్రం వాళ్ళు స్వయంగా కోసుకొచ్చింది. ఏ చెట్టుదో, పైన నున్నగా కింద గరుగ్గా ఎందుకుందో, ఈనెలు ఎటు పోతున్నాయో, పురుగు ఎక్కడ కొరికిందో చూసి చెప్పొచ్చు. పక్కనున్నవాళ్ళు ముట్టుకోవచ్చు, నలిగినా బాధ లేదు. 'ఈ'కి ఈక కూడా అలాంటిదే, కాకపోతే ఎక్కడో నేల మీద దొరికినది కాకుండా శుభ్రమైనది చూడండి. ఈల వద్దు. ఒకరు ఊదాక అందరూ ఊదుతామంటారు, ఒకరి ఎంగిలి ఇంకొకరికి. 'ఉ'కి ఉత్తరం, 'అ'కి అట్టపెట్టె, 'ఐ'కి ఐదు వేళ్ళ ముద్ర వేసిన కాగితం బాగుంటాయి. ఏనుగు, ఒంటె, ఓడ ఎలాగూ బొమ్మలే దిక్కు. 'ఔ'కి వాచకాలు ఔషధం అంటాయి. మందులు మాత్రం పొరపాటున కూడా పిల్లల సంచిలోకి వెళ్ళకూడదు. కడిగి ఆరబెట్టిన ఖాళీ ఔన్సు గ్లాసు చాలు.

వత్తు అక్షరాల దగ్గర వాచకాలు చేతులెత్తేస్తాయి. 'ఝ'కి ఝషం, 'ఛ'కి ఛత్రం అని రాసి ఉంటుంది. చేపని ఝషమనీ గొడుగుని ఛత్రమనీ పిలిచే పిల్లలు ఎక్కడా లేరు. పైన చెప్పిన "ఇదేంటి?" పరీక్షలో ఇవి తప్పుతాయి. 'ఖ'కి నాకు నచ్చింది ఖాళీ డబ్బా. మూత తీసి తలకిందులు చేసి "ఖాళీ!" అంటే తరగతి నవ్వుతుంది, అక్షరం గుర్తుండిపోతుంది. 'థ'కి థర్మోకోల్ ముక్క, 'భ'కి భూగోళం బంతి, 'ఢ'కి ఢంకా బొమ్మ. 'ఠ'కి ఠావు కాగితం. 'ఝ'కి, 'ఛ'కి నిజాయితీగా బొమ్మ గీసుకెళ్ళడమే మంచిది, లేనిపోని పేర్లు బట్టీ పట్టించొద్దు.

'ణ', 'ళ'లతో మనకి మాటలు మొదలవ్వవు. కాబట్టి "మొదలయ్యే వస్తువు" అన్న నియమం ఇక్కడ నడవదు, "ఉన్న వస్తువు" అని అడగాలి. 'ళ'కి తాళం, 'ణ'కి బాణం బొమ్మ. మరి 'ఙ', 'ఞ'? వాటిని చాలా బళ్ళు దాటేస్తాయి. దాటెయ్యని టీచరు దొరికితే పంకా బొమ్మ, కంచం పంపండి. పంకాలో సున్న పలికేటప్పుడు వచ్చేది 'ఙ', కంచంలో సున్న 'ఞ'. పెద్దవాళ్ళు కూడా ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకోవచ్చు.

నిజమైన వస్తువా, బొమ్మా, ఫొటోనా

నిజమైన వస్తువు చేతిలో పట్టేదైతే అదే మొదటి ఎంపిక. బరువు, వాసన, చప్పుడు, గరుకుతనం అన్నీ పిల్లలకి మాటలిస్తాయి. వస్తువు పెద్దదైనా ప్రాణం ఉన్నదైనా బొమ్మ. ఫొటో ఎప్పుడు గెలుస్తుందంటే, అందులో వాళ్ళకి తెలిసిన కథ ఉన్నప్పుడు. డీకి పెంపుడు కుక్కని తీసుకెళ్ళాలని అల్లరి చేస్తే ఫొటోకి ఒప్పించండి. తరగతిలో కుక్కంటే భయపడేవాళ్ళుంటారు, బొచ్చు పడనివాళ్ళుంటారు, ముప్పై గొంతులు ఒకేసారి అరిస్తే కుక్కకీ భయమే. ఫొటోతో పాటు దాని మెడ పట్టీ పంపితే ముట్టుకోడానికీ ఏదో ఒకటి ఉంటుంది. ఫోన్‌లో వెతికి ప్రింటు తీసిన ఎవరిదో ఏనుగు బొమ్మ అన్నిటికన్నా చివర, అందులో చెప్పడానికి ఏమీ ఉండదు.

కొనడమా, ఇంట్లోదా అన్న ప్రశ్నకి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. నిన్న కొన్న వస్తువు గురించి "నిన్న కొన్నాం" అని మాత్రమే చెప్పగలరు.

అక్షరాల బొమ్మలు పనికొస్తాయా

చెక్క అక్షరాలు, అయస్కాంతపు అక్షరాలు, అక్షరాల పజిల్, అక్షరాలచ్చు చొక్కా... అక్షరం గురించే అడిగారు కాబట్టి ఇవే సరైనవనిపిస్తుంది. ఇంట్లో నేర్చుకోవడానికి మంచివే. చూపించి చెప్పడానికి మాత్రం బలహీనం. "ఇది బీ" అన్నాక మాట అయిపోతుంది. అక్షరాల పుస్తకం కొంచెం నయం, ఒక పేజీ తెరిచి అందులోని బొమ్మ గురించి చెప్పొచ్చు.

వీటికన్నా అక్షరం ఆకారంలో దొరికే వస్తువులు ఎంతో రుచిగా ఉంటాయి. పంగలున్న చిన్న కొమ్మ వై. రెండు పుల్లలు అడ్డంగా కడితే ఎక్స్. ప్లాస్టిక్ గాజు ఇంగ్లీషులో ఓ, తెలుగులో సున్న. వీటిని పిల్లలే కనిపెడతారు, కనిపెట్టినవాళ్ళకి ఎలా దొరికిందో చెప్పాలన్న ఉబలాటం ఉంటుంది. టీచరు "మొదలయ్యే వస్తువే కావాలి" అని గట్టిగా చెప్పకపోతే, కష్టమైన అక్షరాలకి ఇదే దారి.

మొదటే పక్కన పెట్టేవి

తినేవి పంపొద్దు. వేరుశనగ లాంటివి పడని పిల్లలకి చిన్న ముక్క కూడా ప్రమాదం, తరగతిలో ఎవరికి ఏది పడదో మనకి తెలియదు. గాజువి, పదునైనవి, పోతే ఇంట్లో ఎవరో ఒకరు ఏడ్చేవి కూడా అంతే. అమ్మమ్మ ఉంగరం 'ఉ'కి అందంగానే ఉంటుంది, దాని బదులు ఉడుత బొమ్మ పంపండి.

పరిమాణం దగ్గర కాస్త ఆగాలి. బొమ్మల భద్రత పరీక్షల్లో మూడేళ్ళలోపు పిల్లల కోసం వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దూరిపోయే వస్తువు గొంతుకి అడ్డం పడగలదని లెక్క. ఇంట్లో అంత కొలత అక్కర్లేదు, టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్టగొట్టంలోంచి జారిపోతే ఆ వస్తువు వద్దు. పిల్లలు పెద్దవాళ్ళే అయినా, తరగతిలో చేతులు మారేటప్పుడు ఎవరు నోట్లో పెట్టుకుంటారో తెలియదు. గవ్వలు, బలపం ముక్కలు, పూసలు ఈ పరీక్షలో పోతాయి. ఊదని బెలూన్లు కూడా బీకి పనికిరావు, గొంతుకి అడ్డం పడితే తియ్యడం చాలా కష్టం.

వెలిగే, మోగే బొమ్మల్లో బిళ్ళ బ్యాటరీ ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. మింగిన బిళ్ళ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చగలదు. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి పోతే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి అతుక్కుంటాయి. అక్షరాల అయస్కాంతం వెనక బిళ్ళ వదులైతే దాన్ని బడికేం, ఇంట్లో కూడా ఉంచొద్దు.

ఎవరు ఎంచుకోవాలి

"ఏది తీసుకెళ్తావ్ నాన్నా?" అని విప్పి అడిగితే ప్రతి వారం డైనోసారే వస్తుంది. మీరే ఎంచి పెడితే తరగతిలో నోరు తెరవరు. శబ్దం, భద్రత చూసి మీరు రెండు వస్తువులు ముందు పెట్టండి, ఆ రెండింట్లో ఒకటి వాళ్ళు తీసుకోవాలి. మూడేళ్ళవాళ్ళకి రెండు చాలు. ఐదేళ్ళవాళ్ళని ఇల్లంతా తిప్పి "సోప్‌లో 'స' వినబడుతోంది, కప్పులో వినబడుతోందా?" అంటూ వాళ్ళచేతే వెతికించొచ్చు. డైనోసార్ పట్టు వదలకపోతే డీ వారం దాకా ఆగమనండి. లేదా రంగుని వాడుకోండి. కారు ఎల్లో కారైతే వైకి వెళ్తుంది. కొంచెం గడుసుతనమే, కష్టమైన అక్షరానికి పరవాలేదు.

బిడియపడే పిల్లలకి తెరిచేది, వెలిగేది, కదిలేది ఇవ్వండి. టార్చి నొక్కితే అందరి కళ్ళూ టార్చి మీదకి పోతాయి, మాట్లాడేవాళ్ళ మీద భారం తగ్గుతుంది. వాగుడుకాయలకి కథలున్న వస్తువు ఇస్తే తరగతి అయిపోతుంది, వాళ్ళకి సాదా వస్తువే మంచిది. సంచిలో దాచి మూడు గుర్తులు చెప్పే ఆట అయితే గుండ్రంగా ఉంటుంది, ఎగురుతుంది, ఆడుకుంటాం అని చెప్పగలిగే బంతిలాంటివి చూడండి. పలక గురించి మూడు గుర్తులు చెప్పడం పెద్దవాళ్ళకే కష్టం.

ముందురోజు రాత్రి వాక్యాలు బట్టీ పట్టించొద్దు. ఒక మాట జారితే మొత్తం ఆగిపోతుంది. "ఇది ఎక్కడిది? దీంతో ఏం చేస్తావ్?" అని రెండుసార్లు అడిగించుకుంటే చాలు, జవాబు ప్రతిసారీ వేరేగా వచ్చినా సరే. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే ఒక్క పేరు ఇంగ్లీషులో పక్కాగా రావాలి, మిగతాది రెండు భాషలూ కలిసి వచ్చినా టీచరుకి అర్థమవుతుంది.

పొద్దున్న బూట్లు వేసేటప్పుడు చీటీ సంగతి గుర్తొస్తే ఒంటి మీదే వెతకండి. సాక్స్ ఎస్, బ్యాగ్ బీ, టై టీ, క్యాప్ సీ. తెలుగైతే బొత్తాం 'బొ', నవ్వు 'న', జేబురుమాలు 'జే'. వస్తువు మీద పేరు రాయడం మాత్రం మర్చిపోవద్దు. ఒకే అక్షరం వారంలో ఒకే రకం బంతులు తరగతికి బోలెడు వస్తాయి.